పరమాణువు, ఆవర్తన పట్టిక: మళ్లీ మళ్లీ వచ్చే డౌట్లు, వాటికి జవాబులు

ట్యూషన్ చెప్పడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, తొమ్మిదో తరగతి అబ్బాయి అడిగిన డౌటే ఇంటర్ అయిపోయిన అమ్మాయి కూడా అడుగుతుంది, కాకపోతే కాస్త మొహమాటంగా. మొహమాటం ఎందుకు? వీటిలో చాలా ప్రశ్నలు వందేళ్ల కిందట పెద్ద శాస్త్రవేత్తలకే నిద్రపట్టనివ్వలేదు. అందుకే పిల్లలు ఎలా అడుగుతారో అలాగే రాసి జవాబులు పెట్టాను, ఏది కావాలంటే అక్కడి నుంచి చదువుకోవచ్చు. నేను ఏ జవాబు చెప్పినా మూడే విషయాలు చూస్తాను: కేంద్రకం ఎంత గట్టిగా లాగుతోంది, ఎంత దూరం నుంచి లాగుతోంది, మధ్యలో ఏం అడ్డుంది. మీరూ అలా చూడటం అలవాటు చేసుకుంటే బట్టీ చాలావరకు తగ్గిపోతుంది.

## పరమాణువు లోపల ఏముంది

పరమాణువుని ఎవరూ చూడలేదు కదా సార్, ఉందని ఎలా నమ్మాలి?

మామూలు మైక్రోస్కోపుతో చూడలేం, ఎందుకంటే కంటికి కనిపించే కాంతి తరంగం పరమాణువు కంటే వేల రెట్లు పెద్దది. హైడ్రోజన్ పరమాణువులని వరసగా పేర్చితే ఒక్క మిల్లీమీటరు గీతలో సుమారు కోటి పడతాయి. కానీ 1981లో వచ్చిన స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు కాంతితో పనిలేకుండా, సన్నటి సూదిమొనని ఉపరితలం మీద తడుముతున్నట్టు కదిలించి ఒక్కొక్క పరమాణువు ఎక్కడుందో బొమ్మ గీసేస్తుంది. దాన్ని తయారుచేసిన బినిగ్, రోరర్‌లకి 1986లో నోబెల్ వచ్చింది. 1989లో ఐబీఎం శాస్త్రవేత్తలు అదే పరికరంతో 35 జెనాన్ పరమాణువులని ఒక్కొక్కటిగా జరిపి కంపెనీ పేరులోని మూడు అక్షరాలు రాశారు. జరిపి అక్షరాలు రాయగలిగినదాన్ని ఊహ అనలేం.

పరమాణువు అంతా ఖాళీయే అంటారు, మరి గోడలోంచి చెయ్యి ఎందుకు దూరిపోదు?

ఖాళీ అన్నమాట రూథర్‌ఫర్డ్ ప్రయోగం నుంచి వచ్చింది. పల్చటి బంగారు రేకు మీదకి ఆల్ఫా కణాలు (ధనావేశం ఉన్న బరువైన కణాలు) వదిలితే దాదాపు అన్నీ నేరుగా బయటికి పోయాయి, వేలల్లో ఎక్కడో ఒకటి మాత్రం వెనక్కి తిరిగొచ్చింది. దాన్ని బట్టి 1911లో ఆయన తేల్చినది ఏంటంటే, బరువంతా మధ్యలో ఒక చిన్న చుక్కలో ఉంది, అదే కేంద్రకం. పరమాణువు క్రికెట్ మైదానమంత ఉందనుకుంటే కేంద్రకం పిచ్ మధ్యలో పెట్టిన ఆవగింజ అంత.

అయితే మిగతా మైదానం నిజంగా ఖాళీ కాదు, అక్కడంతా ఎలక్ట్రాన్ల మబ్బు పరుచుకుని ఉంది. మీ చేతిలోని ఎలక్ట్రాన్లు, గోడలోని ఎలక్ట్రాన్లు రెండూ రుణావేశాలే కాబట్టి ఒకదాన్నొకటి తోస్తాయి, పైగా ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండకూడదనే పౌలీ నియమం ఆ మబ్బులని ఒకదాంట్లో ఒకటి కలవనివ్వదు. ఆల్ఫా కణం బరువైనది, మహా వేగంతో వస్తుంది కాబట్టి దూసుకుపోయింది. మన చెయ్యికి ఆ వేగం లేదు.

ప్లస్, మైనస్ ఆకర్షించుకుంటాయి కదా, ఎలక్ట్రాన్ వెళ్లి కేంద్రకంలో ఎందుకు పడిపోదు?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. "తాడుకి రాయి కట్టి తిప్పినట్టు గుండ్రంగా తిరుగుతోంది కాబట్టి పడదు" అని చాలామంది చెప్పేస్తారు, కానీ ఆ జవాబు చాలదు. ఆవేశం ఉన్న కణం గుండ్రంగా తిరిగితే కాంతి రూపంలో శక్తి పోగొట్టుకోవాలి, పాత భౌతికశాస్త్రం ప్రకారం లెక్కేస్తే ఎలక్ట్రాన్ సెకనులో పదివేల కోట్ల వంతు సమయంలోనే కేంద్రకంలో కూలిపోవాలి. మనం ఇంకా ఉన్నాం కాబట్టి ఆ లెక్కలో తప్పుంది. 1913లో నీల్స్ బోర్ కొన్ని ఖాయమైన శక్తి స్థాయిల్లోనే ఎలక్ట్రాన్ ఉంటుంది, వాటిలో ఉన్నంతసేపు శక్తి పోదు అని తీర్మానించాడు, కానీ ఎందుకో చెప్పలేకపోయాడు.

కారణం తర్వాత క్వాంటం యాంత్రికశాస్త్రం చెప్పింది. ఎలక్ట్రాన్‌కి తరంగ స్వభావం ఉంది, దాన్ని ఎంత ఇరుకు చోట కుక్కితే దాని కదలిక శక్తి అంత పెరుగుతుంది. కేంద్రకానికి దగ్గరైతే ఆకర్షణ వల్ల శక్తి తగ్గుతుంది, ఇరుకైపోవడం వల్ల శక్తి పెరుగుతుంది. ఈ రెండూ సరితూగే చోట ఎలక్ట్రాన్ నిలబడుతుంది. హైడ్రోజన్‌లో ఆ దూరం సుమారు 53 పికోమీటర్లు (పికోమీటరు అంటే మిల్లీమీటరులో వంద కోట్ల వంతు). అంతకంటే లోపలికి నెట్టాలంటే బయటి నుంచి మనమే శక్తి ఇవ్వాలి.

ప్రోటాన్లన్నీ ప్లస్సే కదా, కేంద్రకం పేలిపోకుండా ఎలా ఉంటుంది?

ప్రోటాన్లు తోసుకుంటున్న మాట నిజమే, కానీ బాగా దగ్గరగా ఉన్నప్పుడు మాత్రమే పనిచేసే బలమైన కేంద్రక బలం ఒకటి ఉంది, అది ప్రోటాన్లనీ న్యూట్రాన్లనీ పట్టి ఉంచుతుంది. 1932లో చాడ్విక్ కనిపెట్టిన న్యూట్రాన్ ఇక్కడ చాలా ముఖ్యం, దానికి ఆవేశం లేదు కాబట్టి తోయదు, పట్టి ఉంచడంలో మాత్రం సాయం చేస్తుంది. కేంద్రకం పెద్దదయ్యేకొద్దీ ప్రోటాన్ల తోపులాట ఎక్కువై న్యూట్రాన్లు ఇంకా ఎక్కువ కావాలి, అందుకే కార్బన్‌లో 6కి 6 సరిపోతే, సీసంలో 82 ప్రోటాన్లకి 126 న్యూట్రాన్ల దాకా ఉంటాయి. సీసం దాటాక ఎన్ని న్యూట్రాన్లున్నా కేంద్రకం శాశ్వతంగా నిలవదు.

క్లోరిన్ ద్రవ్యరాశి 35.5 అంటారు, సగం న్యూట్రాన్ ఉంటుందా?

ఉండదు. ఏ ఒక్క క్లోరిన్ పరమాణువు బరువూ 35.5 కాదు. ప్రకృతిలో క్లోరిన్ రెండు రకాలు: 17 ప్రోటాన్లు, 18 న్యూట్రాన్లు ఉన్న క్లోరిన్-35, అదే 17 ప్రోటాన్లతో 20 న్యూట్రాన్లు ఉన్న క్లోరిన్-37. మొదటిది మూడు వంతులు, రెండోది ఒక వంతు. మూడు 35లు, ఒక 37 కలిపి నాలుగుతో భాగించండి, 35.5 వస్తుంది. క్లాసులో సగటు మార్కు 62.5 వస్తే ఎవరికో ఒకరికి సరిగ్గా 62.5 వచ్చి ఉండాలని లేదు కదా, ఇదీ అంతే.

ద్రవ్యరాశి సంఖ్య అంటే ఒక పరమాణువులోని ప్రోటాన్లు, న్యూట్రాన్ల లెక్క, అది ఎప్పుడూ పూర్ణాంకమే. పట్టికలో గడి కింద రాసేది పరమాణు భారం, అది సగటు. పరీక్షల్లో ఈ రెండూ కలగాపులగం చేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

ఐసోటోపు అంటే రేడియోధార్మిక పదార్థమేనా?

కాదు. ప్రోటాన్లు అన్నే ఉండి న్యూట్రాన్లు మారితే ఐసోటోపు, అంతే. కార్బన్-12, కార్బన్-13 రెండూ స్థిరంగా ఉంటాయి, కార్బన్-14 మాత్రం 5,730 ఏళ్లకి సగం చొప్పున తరిగిపోతుంది.

తెలంగాణలో మణుగూరు భారజల కర్మాగారం గురించి వినే ఉంటారు. అక్కడ చేసేది మామూలు నీళ్లలో అతి కొద్దిగా ఉండే డ్యుటీరియం అనే హైడ్రోజన్ ఐసోటోపుని వేరుచేసి పోగుచేయడం. డ్యుటీరియం రేడియోధార్మికం కాదు. ఒక న్యూట్రాన్ అదనంగా ఉంటుంది, దాంతో భారజలం మామూలు నీటికంటే సుమారు 11 శాతం బరువు, దాని మంచుగడ్డ మామూలు నీళ్లలో మునిగిపోతుంది. అణు రియాక్టర్లో న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి దాన్ని వాడతారు. కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వే యురేనియం సంగతి వేరు, దాని ఐసోటోపులన్నీ రేడియోధార్మికమే, అందులోనూ రియాక్టర్లో తేలిగ్గా చీలే యురేనియం-235 సహజంగా 0.7 శాతమే ఉంటుంది.

## ఎలక్ట్రాన్ల అమరిక

ఆర్బిట్, ఆర్బిటాల్ ఒకటేనా? స్పెల్లింగే తేడానా?

చాలా తేడా. ఆర్బిట్ అంటే కక్ష్య, బోర్ చెప్పిన గుండ్రటి దారి. ఆర్బిటాల్ అంటే దారి కాదు, ఎలక్ట్రాన్ కనిపించే అవకాశం ఎక్కువగా ఉన్న చోటు. రాత్రి వీధి లైటు చుట్టూ పురుగులు ముసురుతాయి, ఏ క్షణంలో ఏ పురుగు ఎక్కడుందో చెప్పలేం, కానీ లైటుకి దగ్గరగా చిక్కగా, దూరం పోయేకొద్దీ పల్చగా ఉంటాయని చెప్పగలం. ఎస్ ఆర్బిటాల్ బంతిలా ఉంటుంది, పి ఆర్బిటాల్ డంబెల్‌లా ఉంటుంది. ఏ ఆర్బిటాల్‌లో అయినా గరిష్ఠంగా రెండే ఎలక్ట్రాన్లు, అవీ స్పిన్ అనే గుణంలో ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉంటేనే. బోర్ నమూనా తప్పని పూర్తిగా పక్కన పెట్టక్కర్లేదు, హైడ్రోజన్ శక్తి స్థాయిలు అది సరిగ్గానే చెప్పింది, రెండో ఎలక్ట్రాన్ వచ్చేసరికి చేతులెత్తేసింది.

ఎస్, పి, డి, ఎఫ్ అంటే ఏంటి? ఏ, బి, సి, డి అని పెట్టొచ్చుగా?

షార్ప్, ప్రిన్సిపల్, డిఫ్యూజ్, ఫండమెంటల్ అనే మాటల మొదటి అక్షరాలు. పాతరోజుల్లో వర్ణపటంలో గీతలని చూసి వాటికి పెట్టిన పేర్లు, తర్వాత ఆర్బిటాళ్లకి అంటుకుపోయాయి. ఇప్పుడు వాటి అర్థం పట్టించుకోనక్కర్లేదు, వాటిలో 2, 6, 10, 14 ఎలక్ట్రాన్లు పడతాయని గుర్తుంటే చాలు.

మూడో కర్పరంలో 18 పడతాయి అన్నారు, మరి పొటాషియం 2, 8, 9 కాకుండా 2, 8, 8, 1 ఎందుకు?

కర్పరం అంటే కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు ఉండే ఒక పొర. 18 అనేది మూడో కర్పరంలో ఎన్ని సీట్లున్నాయో చెప్పే లెక్క. ఎవరు ఏ సీట్లో ముందు కూర్చుంటారో చెప్పేది శక్తి. మూడో కర్పరంలో 3ఎస్‌లో 2, 3పిలో 6, 3డిలో 10, మొత్తం 18 సీట్లు. ఆర్గాన్ దగ్గరికి వచ్చేసరికి 3ఎస్, 3పి నిండిపోయాయి. పొటాషియంలో పందొమ్మిదో ఎలక్ట్రాన్‌కి ఇప్పుడు రెండు దారులు, 3డి లేదా 4ఎస్. పేరుకి 4ఎస్ దూరపు కర్పరమే, కానీ దాని మబ్బులో కొంత భాగం లోపలి ఎలక్ట్రాన్లని దాటుకుని కేంద్రకం దగ్గరదాకా చొచ్చుకుపోతుంది, అక్కడ లాగుడు గట్టిగా తగులుతుంది, శక్తి తగ్గుతుంది. 3డి అలా చొచ్చుకుపోలేదు, లోపలి 18 ఎలక్ట్రాన్లు దానికి అడ్డుపడతాయి. కాబట్టి పొటాషియంలో 4ఎస్‌దే తక్కువ శక్తి, ఎలక్ట్రాన్ అక్కడికే వెళ్తుంది.

అందుకే పొటాషియం కూడా సోడియంలాగే బయట ఒక్క ఎలక్ట్రాన్ పెట్టుకుని నీళ్లు తగిలితే చాలు భగ్గుమంటుంది.

4ఎస్ ముందు నిండితే, ఇనుము ఎలక్ట్రాన్లు పోగొట్టుకునేటప్పుడు కూడా 4ఎస్ నుంచే ఎందుకు పోతాయి? చివర వచ్చింది 3డి కదా?

"చివర వచ్చినవాడు ముందు పోవాలి" అనే లెక్క ఇక్కడ చెల్లదు. నింపే క్రమం అనేది ఒక మూలకం నుంచి తర్వాతి మూలకానికి వెళ్లేటప్పటి సంగతి, అప్పుడు ఎలక్ట్రాన్‌తో పాటు కేంద్రకంలో ప్రోటాన్ కూడా ఒకటి పెరుగుతుంది. ఎలక్ట్రాన్ తీసేటప్పుడు ఇనుములో ప్రోటాన్లు 26 అలాగే ఉంటాయి. స్కాండియం దగ్గర్నుంచి పెరిగిన ఆ లాగుడు వల్ల 3డి ఎలక్ట్రాన్లు లోపలికి కుదించుకుపోయి గట్టిగా పట్టుబడతాయి, 4ఎస్ బయట అంచున మిగిలిపోతుంది. అంచున ఉన్నదే ముందు ఊడుతుంది. కాబట్టి రెండు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుములో, అంటే ఫెర్రస్ అయాన్‌లో, 4ఎస్ ఖాళీ, 3డిలో 6. మూడు పోయిన ఫెర్రిక్‌లో 3డిలో 5.

క్రోమియం, రాగి ఎందుకు రూలు తప్పుతాయి?

క్రోమియం 3డిలో 4, 4ఎస్‌లో 2 కాకుండా 5, 1గా ఉంటుంది. రాగి 9, 2 కాకుండా 10, 1. సగం నిండినా, పూర్తిగా నిండినా స్థిరత్వం ఎక్కువ అని పుస్తకాల్లో ఉంటుంది, పరీక్షకి అదే రాయండి. అసలు సంగతి, 3డి, 4ఎస్ శక్తులు ఇక్కడ చాలా దగ్గరగా ఉంటాయి, ఒకే దిశలో స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు ఎక్కువైతే వాటి మధ్య వికర్షణ తగ్గి ఆ చిన్న తేడా తారుమారవుతుంది. ఇది అన్నిచోట్లా జరగదు, క్రోమియం గ్రూపులోనే (గ్రూపు అంటే పట్టికలో నిలువు వరస) కింద ఉన్న టంగ్‌స్టన్ మామూలుగా 5డిలో 4, 6ఎస్‌లో 2గానే ఉంటుంది.

దీపావళి మతాబుల్లో అన్ని రంగులు ఎలా వస్తాయి? దీనికీ ఎలక్ట్రాన్లకీ సంబంధం ఉందా?

సంబంధం అంతా అక్కడే ఉంది. మంట వేడికి ఎలక్ట్రాన్ పై శక్తి స్థాయికి ఎగురుతుంది, తిరిగి కిందికి దిగేటప్పుడు ఆ తేడాని కాంతిగా వదిలేస్తుంది. మెట్ల మధ్య ఎత్తు ప్రతి మూలకానికీ వేరు, కాబట్టి రంగూ వేరు. స్ట్రాన్షియం ఎరుపు, బేరియం ఆకుపచ్చ, రాగి నీలం, సోడియం పసుపు. ఆ బేరియం ఖనిజం మన రైల్వేకోడూరు దగ్గరి మంగంపేటలో దొరికే ముగ్గురాయే.

వంటింట్లో చారు పొంగి స్టవ్ మీద పడితే నీలి మంట ఒక్కసారిగా పసుపుగా మారడం చూసే ఉంటారు, అది ఉప్పులోని సోడియం. కాకరపువ్వొత్తి రవ్వల సంగతి మాత్రం వేరు, అవి ఎర్రగా కాలిన ఇనుప రజను ముక్కలు, ఏ వస్తువైనా బాగా కాలితే వెలిగినట్టే వెలుగుతాయి.

సోడియం ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే 10 మిగులుతాయి, అంటే నియాన్ అయిపోయినట్టేగా?

కాదు. మూలకం ఎవరో చెప్పేది ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు కాదు. సోడియం అయాన్‌లో ఎలక్ట్రాన్లు 10 అయినా ప్రోటాన్లు 11, కాబట్టి అది సోడియమే, ఒక ధనావేశం ఉన్న సోడియం. నియాన్‌తో పోలిక ఎలక్ట్రాన్ల అమరికలోనే.

ఈ తేడా తెలిస్తే ఇంకో పాత డౌటు కూడా తీరుతుంది. సోడియం లోహం నీళ్లలో పడితే మండుతుంది, క్లోరిన్ వాయువు విషం, మరి ఈ రెండూ కలిసిన ఉప్పు రోజూ ఎలా తింటున్నాం? ఎందుకంటే ఉప్పులో సోడియం లోహమూ లేదు, క్లోరిన్ వాయువూ లేదు. వదిలించుకోవాల్సిన ఎలక్ట్రాన్‌ని సోడియం ఇచ్చేసింది, కావాల్సినదాన్ని క్లోరిన్ తీసుకుంది, ఇప్పుడు ఉన్నవి ఏ తొందరా లేని రెండు అయాన్లు. పరమాణువుకీ దాని అయాన్‌కీ రసాయన గుణాలు పూర్తిగా వేరు.

## ఆవర్తన పట్టిక ఎలా వచ్చింది

మెండలీవ్ పట్టికలో ఖాళీలు ఎందుకు వదిలాడు? ఎలా తెలుసు ఆయనకి?

మూలకాలని వరసగా పేర్చి పట్టిక కట్టిన రష్యా రసాయన శాస్త్రవేత్త మెండలీవ్. 1869లో ఆయన చేతిలో ఉన్నవి 60 పైచిలుకు మూలకాలు, వాటి భారాలు, వాటి ఆక్సైడ్ల ఫార్ములాలు. ఎలక్ట్రాన్ అనే మాట కూడా అప్పటికి లేదు. భారం క్రమంలో పెడుతూ పోతే గుణాలు మళ్లీ మళ్లీ తిరిగొస్తున్నాయి, కానీ కొన్నిచోట్ల తర్వాతి మూలకం గుణాలు గడికి సరిపోవడం లేదు. అప్పుడు ఆయన బలవంతంగా ఇరికించకుండా "ఇక్కడ ఇంకా దొరకని మూలకం ఉంది" అని గడి ఖాళీగా వదిలి, దాని గుణాలు కూడా ముందే రాసిపెట్టాడు. వాటికి ఏక-అల్యూమినియం, ఏక-బోరాన్, ఏక-సిలికాన్ అని పేర్లు పెట్టాడు. ఆ "ఏక" మన సంస్కృతం ఏకమే.

1875లో ఫ్రాన్స్‌లో బ్వాబోద్రాన్ గాలియం కనిపెట్టాడు. సాంద్రత 4.7 అని కొలిచాడు. మెండలీవ్ ఆ లోహాన్ని ఎప్పుడూ చూడలేదు, అయినా "నీ నమూనా శుద్ధంగా లేదు, మళ్లీ కొలువు, 5.9 దగ్గరలో రావాలి" అన్నాడు. మళ్లీ శుద్ధి చేసి కొలిస్తే 5.9 వచ్చింది! పట్టిక మీద ఆయనకి ఉన్న నమ్మకం ఎంతో ఆలోచించండి. ఆ తర్వాత 1879లో స్కాండియం, 1886లో జెర్మేనియం వచ్చి మిగతా రెండు ఖాళీలూ నింపాయి. గాలియం 29.8 డిగ్రీలకే కరుగుతుంది, రెంటచింతల ఎండాకాలంలో అయితే గదిలో పెట్టినా నీళ్లలా అయిపోతుంది.

ఆర్గాన్ భారం 39.95, పొటాషియం 39.10. మరి ఆర్గాన్ ముందు ఎందుకొచ్చింది?

పట్టికకి క్రమం భారం కాదు, పరమాణు సంఖ్య, అంటే ప్రోటాన్ల లెక్క. భారం ప్రకారం పెడితే చురుకైన పొటాషియం వెళ్లి దేనితోనూ తేలిగ్గా కలవని జడవాయువుల్లో కూర్చుంటుంది. టెల్లూరియం, అయొడిన్ దగ్గర కూడా ఇదే తిరకాసు. 1913లో హెన్రీ మోస్లే మూలకాల నుంచి వచ్చే ఎక్స్ కిరణాలని కొలిచి, ఒక్కో గడికీ కేంద్రక ఆవేశం ఒకటి చొప్పున పెరుగుతోందని చూపించాడు. అప్పటిదాకా పట్టికలో వరస నంబరు మాత్రమే అయిన పరమాణు సంఖ్యకి అసలు అర్థం దొరికింది. ఆ మోస్లే 1915లో గల్లిపోలి యుద్ధంలో చనిపోయాడు, వయసు 27. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు మనసు బరువెక్కుతుంది.

ఆర్గాన్ బరువు వెనక ఒక అందమైన కారణం ఉంది. గాలిలో ఉన్న ఆర్గాన్ దాదాపు అంతా ఆర్గాన్-40, అది రాళ్లలోని పొటాషియం-40 కోట్ల ఏళ్లుగా క్షీణిస్తూ పుట్టించింది. తేలిక ఐసోటోపులు ఎక్కువ ఉండుంటే ఆర్గాన్ భారం తక్కువే ఉండేది, ఈ ప్రశ్నే వచ్చేది కాదు.

హీలియంకి రెండే ఎలక్ట్రాన్లు కదా, రెండో గ్రూపులో ఎందుకు పెట్టలేదు?

గ్రూపు అంటే స్వభావం కలిసినవాళ్ల వరస. మెగ్నీషియం, కాల్షియంలకి బయట రెండు ఎలక్ట్రాన్లుంటే అవి ఇచ్చేయడానికి సిద్ధంగా ఉంటాయి. హీలియంకి ఆ రెండుతోనే మొదటి కర్పరం నిండిపోయింది, మధ్యలో అడ్డం లేదు, కేంద్రకం చాలా దగ్గర, కాబట్టి ఎలక్ట్రాన్‌ని వదలదు. నిజానికి ఏ మూలకం నుంచైనా మొదటి ఎలక్ట్రాన్‌ని లాగడానికి కావాల్సిన శక్తి అన్నిటికంటే హీలియంకే ఎక్కువ. అందుకే పద్దెనిమిదో గ్రూపు.

హీలియం కథలో మన ఊళ్లున్నాయి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం, ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చి సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని స్పెక్ట్రోస్కోపుతో (కాంతిని రంగులుగా విడదీసే పరికరం) చూశాడు. అదే రోజు మచిలీపట్నంలో ఖగోళ శాస్త్రవేత్త పాగ్సన్ కూడా చూశాడు, అక్కడి పసుపు గీత సోడియం గీతతో సరిగ్గా కలవడం లేదని గమనించాడు. అదే ఏడాది ఇంగ్లండులో లాక్యర్ ఆ గీతని పట్టుకుని, ఇది భూమ్మీద తెలియని మూలకానిదని చెప్పాడు, సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నారు. భూమ్మీద రసాయన శాస్త్రవేత్త రామ్సే చేతికి అది చిక్కింది 1895లో.

హైడ్రోజన్‌ది అసలు ఏ గ్రూపు?

బయట ఒక ఎలక్ట్రాన్ ఉంది కాబట్టి సోడియంతో మొదటి గ్రూపులో రాస్తాం. ఒక ఎలక్ట్రాన్ తీసుకుంటే కర్పరం నిండుతుంది కాబట్టి క్లోరిన్‌తోనూ పోలికుంది, పైగా అది వాయువు. రెండువైపులా చుట్టరికం ఉంది, ఏ ఇంటికీ పూర్తిగా చెందదు. పరీక్షలో మొదటి గ్రూపు అని రాసి, ఈ రెండు పోలికలూ చెప్పండి.

సోడియంకి ఎన్ఏ, బంగారానికి ఏయూ, ఇదెక్కడి పద్ధతి?

లాటిన్ పేర్లు. సోడియం నేట్రియం, పొటాషియం కేలియం, ఇనుము ఫెర్రం, రాగి క్యూప్రం, వెండి అర్జెంటం, బంగారం ఆరం, సీసం ప్లంబం. పాదరసానికి హైడ్రార్జిరం, అంటే నీళ్లలాంటి వెండి. టంగ్‌స్టన్‌కి డబ్ల్యూ రావడం మాత్రం వుల్ఫ్రమ్ అనే ఇంకో పేరు వల్ల. ఇవి పదీ పన్నెండే, రెండు రోజుల్లో వచ్చేస్తాయి.

## పట్టికలో మార్పులు: పెరిగేవి, తగ్గేవి

ఎడమ నుంచి కుడికి వెళ్తే ఎలక్ట్రాన్లు పెరుగుతాయి, మరి పరమాణువు చిన్నది ఎలా అవుతుంది?

ఎక్కువమంది చేరితే ఇల్లు పెద్దదవ్వాలి అనుకుంటాం, అక్కడే తికమక. ఒకే పీరియడ్‌లో (పట్టికలో అడ్డు వరస) కొత్త ఎలక్ట్రాన్లు కొత్త కర్పరంలోకి వెళ్లడం లేదు, అదే కర్పరంలో పక్కపక్కన చేరుతున్నాయి. పక్కన ఉన్నవాళ్లు అడ్డుపడటం తక్కువ, లోపలివాళ్లు అడ్డుపడటం ఎక్కువ. సోడియం నుంచి క్లోరిన్ దాకా లోపలి అడ్డం ఎప్పుడూ 10 ఎలక్ట్రాన్లే, కానీ ప్రోటాన్లు 11 నుంచి 17కి పెరిగాయి. లాగుడు పెరిగింది, అడ్డం అంతే ఉంది, కాబట్టి మబ్బు మొత్తం లోపలికి ముడుచుకుంటుంది. సోడియం వ్యాసార్థం 186 పికోమీటర్లు, క్లోరిన్‌ది 99. గ్రూపులో కిందికి దిగితే కొత్త కర్పరం వస్తుంది, దూరమూ అడ్డమూ రెండూ పెరుగుతాయి, పరమాణువు పెద్దదవుతుంది.

నైట్రోజన్ కంటే ఆక్సిజన్ కుడివైపు ఉంది, అయినా అయనీకరణ శక్తి నైట్రోజన్‌కే ఎందుకు ఎక్కువ?

అయనీకరణ శక్తి అంటే పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ని లాగేయడానికి కావాల్సిన శక్తి. నైట్రోజన్‌కి 1,402, ఆక్సిజన్‌కి 1,314 కిలోజౌళ్లు మోల్‌కి. నైట్రోజన్‌లో 2పిలోని మూడు ఎలక్ట్రాన్లు మూడు ఆర్బిటాళ్లలో తలొకటిగా ఉన్నాయి. ఆక్సిజన్‌లో నాలుగోది వచ్చి ఒకదాంట్లో జతగా ఇరుక్కోవాలి. ఒకే గదిలో ఇద్దరూ రుణావేశాలే, తోసుకుంటాయి, కాబట్టి అందులో ఒకదాన్ని బయటికి లాగడం తేలిక. బెరీలియం, బోరాన్ మధ్య కూడా ఇలాగే తగ్గుతుంది కానీ కారణం వేరు: బోరాన్‌లో తీసేది 2పి ఎలక్ట్రాన్, అది 2ఎస్ అంత లోపలికి చొచ్చుకుపోలేదు.

ఫ్లోరిన్‌కి రుణవిద్యుదాత్మకత ఎక్కువ, ఎలక్ట్రాన్ ఎఫినిటీ మాత్రం క్లోరిన్‌కి ఎక్కువ. రెండూ ఒకటే కదా?

ఒకటి కాదు. ఎలక్ట్రాన్ ఎఫినిటీ అంటే ఒంటరిగా ఉన్న వాయు పరమాణువుకి ఒక ఎలక్ట్రాన్ చేరినప్పుడు వెలువడే శక్తి, దాన్ని కొలవచ్చు. రుణవిద్యుదాత్మకత అంటే బంధంలో ఉన్నప్పుడు ఉమ్మడి ఎలక్ట్రాన్లని తనవైపు లాక్కునే గుణం, దాన్ని ఒక స్కేలు మీద పోల్చి చెబుతాం. ఫ్లోరిన్ మరీ చిన్నది, చిన్న గదిలో ఇప్పటికే ఏడుగురు ఉన్నారు, పూర్తిగా కొత్త ఎలక్ట్రాన్ రావాలంటే తోపులాట. క్లోరిన్‌లో జాగా ఎక్కువ, అందుకే దానికి మోల్‌కి 349 కిలోజౌళ్లు, ఫ్లోరిన్‌కి 328. బంధంలో మాత్రం ఎలక్ట్రాన్ పూర్తిగా లోపలికి రానక్కర్లేదు, దగ్గర నుంచి లాగితే చాలు, అక్కడ ఫ్లోరిన్‌ని మించినవాళ్లు లేరు.

జడవాయువులు దేనితోనూ కలవవు అంటే నిజమేనా?

1962 దాకా అందరూ అలాగే అనుకున్నారు. ఆ ఏడాది నీల్ బార్ట్‌లెట్ ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్ లాగేయడం చూసి, జెనాన్ అయనీకరణ శక్తి కూడా దాదాపు అంతే కదా అని పట్టిక చూసి ఆలోచించాడు, కలిపాడు, సమ్మేళనం వచ్చింది. జెనాన్ బయటి ఎలక్ట్రాన్లు కేంద్రకానికి దూరం, అందుకే కుదిరింది.

బంగారం పచ్చగా, వెండి తెల్లగా ఎందుకు? రెండూ ఒకే గ్రూపు కదా?

బంగారం కేంద్రకంలో 79 ప్రోటాన్లు. అంత లాగుడుకి లోపలి 1ఎస్ ఎలక్ట్రాన్ కాంతి వేగంలో సగానికి పైగా వేగంతో కదలాల్సి వస్తుంది, అప్పుడు ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం లెక్కలోకి వస్తుంది. ఎస్ ఆర్బిటాళ్లు కుదించుకుంటాయి, 5డి కాస్త పైకి జరుగుతుంది, 5డికీ 6ఎస్‌కీ మధ్య తేడా నీలికాంతి శక్తికి దిగుతుంది. నీలం పీల్చేసుకుంటే మిగిలేది పసుపు. వెండిలో ఆ తేడా అతినీలలోహిత కాంతిలోనే ఉండిపోతుంది, కాబట్టి కంటికి తెలుపే. మెడలో గొలుసు రంగుకి కారణం సాపేక్ష సిద్ధాంతం అని చెప్పగానే క్లాసు మొత్తం ఒక్క నిమిషం నిశ్శబ్దమైపోతుంది.

## పరీక్షల ముందు, పై క్లాసులకి వెళ్లేటప్పుడు

మా అబ్బాయి చేత 118 మూలకాలూ బట్టీ పట్టించాలా?

వద్దండీ. మొదటి 30, ఆపైన 1, 2, 13 నుంచి 18 గ్రూపులు వస్తే ఇంటర్ దాకా సరిపోతుంది. అంతకంటే ముఖ్యం జడవాయువుల నంబర్లు: 2, 10, 18, 36, 54, 86, 118. ఇవి తెలిస్తే ఏ నంబరిచ్చినా చోటు చెప్పొచ్చు. 53 అంటే 54కి ఒకటి తక్కువ, హాలోజన్ (పదిహేడో గ్రూపు), అయిదో పీరియడ్. 38 అంటే 36కి రెండు ఎక్కువ, రెండో గ్రూపు, అయిదో పీరియడ్. ఖాళీ కాగితం మీద గడులు తనే గీసుకుని వారానికి రెండుసార్లు నింపమనండి, గోడకి అంటించిన చార్టు కంటే అది వంద రెట్లు మేలు.

తెలుగు మీడియంలో చదివా, ఇంటర్ ఇంగ్లీష్ మీడియం. పాఠం ఏమీ ఎక్కడం లేదు.

టెన్షన్ పడొద్దు, మీకు విషయం వచ్చు, పేర్లే మారాయి. కేంద్రకం న్యూక్లియస్, కర్పరం షెల్, కక్ష్య ఆర్బిట్, ద్రవ్యరాశి సంఖ్య మాస్ నంబర్, ఎలక్ట్రాన్ విన్యాసం ఎలక్ట్రానిక్ కాన్ఫిగరేషన్, అయనీకరణ శక్తి అయొనైజేషన్ ఎనర్జీ, రుణవిద్యుదాత్మకత ఎలక్ట్రోనెగటివిటీ, జడవాయువు నోబుల్ గ్యాస్, పరివర్తన మూలకం ట్రాన్సిషన్ ఎలిమెంట్. నోట్సు చివరి పేజీలో రెండు వరసలుగా రాసుకోండి. ముందు తెలుగులో మీకు మీరే చెప్పుకుని తర్వాత ఇంగ్లీషులో రాయండి, మొదటి నెల కష్టంగా ఉన్నా ఆ తర్వాత అలవాటైపోతుంది.

119వ మూలకం ఎప్పుడొస్తుంది? పట్టిక ఇంతటితో ఆగిపోతుందా?

113, 115, 117, 118 గడులకి పేర్లు ఖాయమైంది 2016లో. 118వది ఒగానెసాన్, ఇప్పటిదాకా తయారైన పరమాణువులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు, ఒక్కోటీ మిల్లీసెకన్లలోనే మాయమైపోయింది. 119 కోసం జపాన్ రైకెన్ సంస్థ వెనేడియం కేంద్రకాలని క్యూరియం మీదకి కొడుతోంది, 23, 96 కలిస్తే 119 కదా. అది దొరికిన రోజున ఏడు వరసల పట్టికకి ఎనిమిదో వరస మొదలవుతుంది, ఫ్రాన్షియం కింద మొదటి గడి దానిదే.